హాల్లో నిలబడి ఉన్న 2719

సెప్టెంబరు 22, సోమవారం

ఇవాళ్టి నుంచి రాసి పెట్టుకోవాలి. కారణం ఒక్కటే. రికార్డు గదిలో ఇవాళ నేను చూసినదాన్ని రేపటికల్లా చూడలేదని అనుకుంటాను. నా సంగతి నాకు తెలుసు. మనసుకు ఇబ్బందిగా ఉన్నది ఏదైనా సరే, నిద్రపోయి లేచేసరికి దానికో సాకు అమర్చి పెట్టేస్తాను. కాగితం మీద ఉంటే ఆ వీలు ఉండదు.

వచ్చే నెల ఇరవై ఐదుకి కంపెనీకి యాభై ఏళ్లు నిండుతాయి. కొండదారుల్లో నడవడానికి ఇక్కడ చేసే కొండమేక బండి చరిత్రను పుస్తకంగా వేస్తున్నారు. రాసే పని నాకిచ్చారు. మా నాన్న ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసిన ఫ్యాక్టరీలో నేను కుర్చీలో కూర్చుని పనిచేస్తున్నానని అమ్మ వీధిలో అందరికీ చెప్పుకుంటుంది. ఏం పని అని అడిగితే మాత్రం "ఏదో, మేకల గురించి రాస్తుంది" అంటుంది.

మధ్యాహ్నం టపాలో ఒక కవరు వచ్చింది. కొండ మీది ఆరోగ్య కేంద్రంలో ఉండే నర్సు రాసింది. బండి పుట్టినరోజు ఉత్తరం. ఇది మేకవాళ్ల, అంటే ఆ బండి ఉన్నవాళ్ల, అలవాటు. బండి తయారైన తేదీన ఛాసిస్ నంబరు మీద పల్చటి కాగితం పెట్టి, పెన్సిలుతో రుద్ది, ఆ అచ్చుతో పాటు నాలుగు ముక్కలు రాసి కంపెనీకి పంపుతారు. కంపెనీ ఒక ఇత్తడి బిళ్ల తిరిగి పంపుతుంది. దేశంలో వేరే ఏ బండికీ ఈ మర్యాద లేదు.

నర్సు పంపిన అచ్చులో నంబరు 2719.

2719 మా ఫ్యాక్టరీ ముందు హాల్లో ఉంది. చుట్టూ తాడు కట్టి, ఇత్తడి పలక పెట్టి, పన్నెండేళ్లుగా అక్కడే నిలబెట్టారు. దాంట్లో ఇంజిన్ ఆయిలు కూడా లేదు.

"ఈ ఏడు వానలకు ముందు పదకొండు మంది గర్భిణులను మేక కిందికి దింపింది" అని రాసింది నర్సు.

రికార్డు గది చూసేది దుమ్ము బాబాయ్. రోజంతా తుమ్ముతుంటాడు కాబట్టి ఆ పేరు. ఉత్తరం చూపించగానే కళ్లజోడు తీసేశాడు. చదవాలంటే పెట్టుకోవాలి గదా, ఈయన తీశాడు.

"వచ్చిందా? ఇలా ఇవ్వు, సొరుగులో పడేస్తా."

"బాబాయ్, 2719 హాల్లో ఉంది కదా?"

"ఉంది."

"మరి ఇదెక్కణ్నుంచి వచ్చింది?"

"ఏటా వస్తుంది. బిళ్ల పంపుతాం, కవరు దాచేస్తాం."

"మీకు అనుమానం రాలేదా?"

"మూడో ఏడు వచ్చింది. అప్పట్నుంచి కవర్లు విప్పడం మానేశా. అనుమానం రావడం కూడా ఆగిపోయింది." తుమ్మాడు. "బండ్లకి కూడా ఉంటాయమ్మా."

"ఏముంటాయి?"

"అవే. పేరెత్తకూడనివి. దయ్యాలు."

సొరుగులో దారం కట్టిన పాత కట్ట ఉంది. మూడు విప్పినవి, ఆరు విప్పనివి. ఇవాళ్టిది పదోది. కట్టంతా నా సంచిలో వేసుకున్నాను. బాబాయ్ వద్దనలేదు. వెళ్లి చేతులు కడుక్కున్నాడు.

సెప్టెంబరు 23

గుమాస్తా ఎవరో తప్పు చేసి ఉంటారు. అంతే.

సెప్టెంబరు 24, బుధవారం

పుస్తకం మొదటి అధ్యాయం మేనేజరు గారికి చూపించాను. ఈ ముక్క బాగుందన్నారు:

"మొదటి మేకను చేసినాయన ఇంజినీరు కాడు. పంపులు బాగుచేసేవాడు. పంపు చెడిన ఊరికి దారి ఉండేది కాదు, దారి ఉన్న ఊళ్లో పంపు చెడేది కాదు. విసిగిపోయి పాత లారీ చట్రాన్ని కోసి పొట్టి చేశాడు. రేకు వంచే యంత్రం లేక చెక్క దిమ్మ మీద సుత్తితో వంచాడు. మేకకు ఎక్కడా గుండ్రం లేకపోవడానికి కారణం అదే. తలుపు బందులు లోపల పట్టక బయట బిగించాడు. తరవాత యంత్రాలు వచ్చాయి, ఒంపులు తిప్పి ఒక నమూనా చేశారు. కొనేవాళ్లు ఒప్పుకోలేదు. పేదరికంలో వచ్చిన ముఖమే దాని అందం అయింది."

'పేదరికం' కొట్టేసి 'నిరాడంబరత' అని రాశారు. సరేనన్నాను.

ఆ ముఖంలో జనానికి ఏం కనిపిస్తుందో నాలుగు నెలలుగా ఉత్తరాలు చదివినా చెప్పలేకపోతున్నాను. మేకలో కూర్చుంటే నడుము పడిపోతుంది. వాన బయట ఎంత పడుతుందో లోపల దానికి కాస్త తక్కువ పడుతుంది, అంతే తేడా అని ఒక పశువుల డాక్టరు రాశాడు. అయినా దాన్ని అమ్మడట. ఇంకొకాయన కొడుక్కి ఇల్లు రాసిచ్చాడు గానీ మేకను ఇవ్వలేదు.

సాయంత్రం నర్సు కవర్లు వరసగా విప్పాను. ఆవిడ బాగా రాస్తుంది. "ఏటి ఒడ్డుకు వచ్చేసరికి నేను ఆగిపోతాను. అది ఆగదు. నామీద నాకు లేని నమ్మకం దానికి ఉంది." ఈ మాట చదివాక ఆ కొట్టేసిన 'పేదరికం' గురించి బాధ పోయింది.

నాలుగేళ్ల కిందటి కవరు కూడా అతికించినట్టే ఉంది. నేనే కత్తెరతో కోశాను. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, నాకంటే ముందు ఎవరూ చదవలేదు. అందులో ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాస్తున్నాను.

"మీతో కాక ఎవరితో చెప్పను? ఒకే కల మళ్లీ మళ్లీ వస్తోంది. నా మేక పెద్ద గదిలో నిలబడి ఉంది. నేల అద్దంలా ఉంది. చుట్టూ తాడు. జనం చూసి వెళ్లిపోతున్నారు. ఒక ముసలాయన మాత్రం ముందు చక్రం పక్కన చతికిలబడి, లోపలికి చెయ్యి పెట్టి ఏదో తడుముతున్నాడు. ఏం పోయింది పెద్దయ్యా అంటాను. ఆయన తల తిప్పడు."

ఆవిడ కొండ దిగి మా ఫ్యాక్టరీకి ఎప్పుడూ రాలేదు. రావాలనుందని ప్రతి ఉత్తరంలోనూ రాస్తుంది.

సెప్టెంబరు 26, శుక్రవారం

పొద్దున్నే హాల్లోకి వెళ్లాను. ఊడ్చే అక్క చీపురు పట్టుకుని 2719 ముందు నిలబడి దాన్ని తిడుతోంది.

"చూడు తల్లీ దీని పని. మళ్లీ తిరిగొచ్చింది."

ఎడమ ముందు టైరు మీద బురద. గాడుల్లో ఇంకా తడి ఆరలేదు. కింద గచ్చు మీద కూడా రెండు చారలు.

"ప్రతి శుక్రవారం ఇంతే. నేను గురువారం మధ్యాహ్నానికి తుడిచి వెళ్లిపోతాను. శుక్రవారం వచ్చేసరికి ఇలా. మేక కదా, మేతకి వెళ్తోంది!" నవ్వింది. నేను నవ్వకపోయేసరికి ఆవిడా ఆపేసింది. "ఎవరితోనూ అనకు. ఉన్న పని పోతుంది."

బానెట్ మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది.

పైన గాజు పలకల్లోంచి ఎండ సరిగ్గా దాని మీదే పడుతుంది.

కాగితం పెట్టి నంబరు రుద్ది తెచ్చాను. 2719. బురద ఎర్రగా ఉంది. ఫ్యాక్టరీ ఆవరణలో నల్లమట్టి. ఎర్రమట్టి ఎక్కడైనా ఉంటుంది.

సెప్టెంబరు 27

ఎండ వల్లే.

సెప్టెంబరు 29, సోమవారం

నా అచ్చు, నర్సు అచ్చు ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి అదిమి పట్టుకున్నాను. రెండూ, ఏడూ, ఒకటీ వెంట్రుక వాసి తేడా లేకుండా కలిశాయి. ఇనుము మీద అంకెలు దించే పంచ్‌లు ఒకే పెట్టెలోవి, ఒకే సుత్తి, ఒకే చెయ్యి. చివరి అంకె మాత్రం కలవలేదు. హాల్లో ఉన్న బండిది గీత మీంచి కొంచెం పైకి లేచి ఉంది. నర్సుది గీత కిందికి దిగి కూర్చుంది. రెండూ తొమ్మిదులే.

దుమ్ము బాబాయ్‌ని అడిగితే 2719కి అటూ ఇటూ ఉన్న కార్డులు తీసిచ్చాడు. ప్రతి బండికీ ఒక కార్డు ఉంటుంది, ఎప్పుడు తయారైంది, ఎవరు కొన్నారు, ఏం బాగుచేశారు అని. 2716 కార్డు మీద కొన్నవాళ్ల పేరు లేదు. అడ్డంగా ఎర్ర సిరాతో ఒక గీత. "బండి ఆచూకీ లేదు. విడిభాగాల కోసం విప్పి ఉండవచ్చు. ఫైలు మూసివేయడమైనది."

"ఆచూకీ ఎందుకు వెతికారు బాబాయ్?"

"అప్పట్లో పెద్ద గొడవలే అమ్మా. ఇరవై ఆరేళ్లయింది. 2701 నుంచి 2718 దాకా పద్దెనిమిది బండ్లలో స్టీరింగ్ ఆర్మ్, అదే ముందు చక్రాన్ని తిప్పే కడ్డీ, నాసిరకం ఇనుముతో వచ్చింది. అన్నీ వెనక్కి రప్పించి మార్చాం. ఇదొక్కటే దొరకలేదు. ఫ్యాక్టరీ అంతా జల్లెడ పట్టారు. నేనైతే పెంకుల మీదకి కూడా ఎక్కి చూశా."

"బండి పెంకుల మీద ఉంటుందా?"

"పై ఆఫీసరు అన్నిచోట్లా వెతకమన్నాడు. అన్నిచోట్లా వెతికాం."

ఆ నాటి ఇంజినీరు రాసిన సర్క్యులర్ చదివాను. "ఎడమకు పూర్తిగా తిప్పినప్పుడు వేళ్లు విరుచుకున్నట్టు చప్పుడు వస్తే వెంటనే బండి ఆపవలెను. రెండు బండ్లలో ఆ చప్పుడు మొదలైన కొద్ది వారాలకే ఆర్మ్ విరిగినది."

సంచిలోంచి ఈ ఏటి ఉత్తరం తీశాను. రెండో పేజీ. మొదటిసారి చదివినప్పుడు ముచ్చటపడ్డాను ఈ వాక్యానికి.

"మేకకు ఇరవై ఎనిమిదో ఏట మాటలొచ్చాయి. మలుపులో ఎడమకు తిప్పితే పక్కసీట్లో ఎవరో కూర్చుని వేళ్లు విరుచుకున్నట్టు టక్కుమంటుంది. తోడు ఉందిలే అనుకుంటాను."

సెప్టెంబరు 30

టెలిఫోను ఎక్స్ఛేంజీ నుంచి మూడుసార్లు ప్రయత్నించాను. కొండ మీదికి తీగ జూలైలోనే తెగిందట. వానలకు కొండదారి కూడా మూసేశారు. టపా మనిషి ఒక్కడే కాలిబాటన ఎక్కి దిగుతాడు. అప్పట్నుంచి బండి షెడ్డులోనే ఉండి ఉంటుంది. ఉండి ఉండాలి. దారి అక్టోబరు ఇరవైన తెరుస్తారు. తెరిచిన రోజే ఆవిడ కిందికి దిగుతుంది, ఏటా అంతే. వానల్లో ఆగిపోయినవాళ్లందర్నీ ఎక్కించుకుని.

2716కి 2719 అని పడింది. గుమాస్తా చిట్టీ తప్పుగా రాసిచ్చి ఉంటాడు. బండ్ల మీద నంబర్లు కొట్టింది మా నాన్నే. చిట్టీలో ఏముంటే అదే కొట్టేవాడు.

అక్టోబరు 1, బుధవారం

అన్నాలు తింటుంటే అడిగాను.

"నాన్నా, ఆరు కొట్టడానికీ తొమ్మిది కొట్టడానికీ ఏమైనా తేడా ఉందా?"

నాన్నకు చదువు రాదు. అంకెల్ని ఆకారాలుగా పట్టేశాడు. ఏడంటే కొడవలి. నాలుగంటే కూర్చున్న మనిషి. చిట్టీ పక్కన పెట్టుకుని, ఆకారం చూసి, పంచ్ తీసి, సుత్తితో ఒక్క దెబ్బ. ఫ్యాక్టరీలో అందరూ అంకెలాయన అనే పిలిచేవారు. నేను బళ్లో చేరిన రోజు నా పలక చూసి, 'నా అంకెలకి పేర్లు కూడా ఉంటాయన్న మాట' అన్నాడట.

"పుస్తకంలోకా పంతులమ్మా?" అన్నాడు ఉత్సాహంగా. "అయితే రాసుకో. అంకెలు పది. పెట్టెలో పంచ్‌లు తొమ్మిదే. ఆరుకీ తొమ్మిదికీ ఒకటే. తలకిందులు చేస్తే ఇది అదవుతుంది. అందుకని పంచ్ పక్కన ఆకురాయితో ఒక గాటు పెట్టుకునేవాణ్ని. గాటు బొటనవేలి వైపుంటే ఆరు. ఆరైతే గీత కిందికి కూర్చోబెట్టాలి, తొమ్మిదైతే పైకి లేపాలి. అప్పుడే కంటికి సమంగా..."

ఆగిపోయాడు.

"కంటికి సమంగా?"

"కనిపిస్తుంది" అన్నాడు. చెయ్యి కడిగేసుకున్నాడు. కంచంలో సగం అన్నం ఉంది.

"తిండి దగ్గర కూడా ఆఫీసేనా మీ ఇద్దరికీ?" అంది అమ్మ. "ఆయన రిటైరయ్యాడు, నువ్వు చేరావు. నేనెప్పుడు రిటైరవుతానో ఎవరూ అడగరు."

గీత కిందికి కూర్చున్న తొమ్మిది. చెయ్యి ఆరు కొట్టింది. ఇనుము తొమ్మిది దించింది.

చిట్టీ తప్పయి ఉండొచ్చు.

చిట్టీ తప్పయితే చెయ్యి పైకి లేపి కొట్టేది.

అక్టోబరు 2, గురువారం

ఇవాళ ఆఫీసుకు సెలవు. ఊడ్చే అక్క వచ్చి వెళ్లాక మధ్యాహ్నం హాల్లోకి వెళ్లాను. బయట వాన. లోపల ఎవరూ ఉండరనుకున్నాను.

తాడు లోపల, ఎడమ ముందు చక్రం పక్కన ఒక ముసలాయన చతికిలబడి ఉన్నాడు. వీపు నా వైపు. ఒక కాలు టైరుకు తన్ని పెట్టి, చెయ్యి భుజం దాకా లోపలికి పోనిచ్చి ఏదో తడుముతున్నాడు. గచ్చు అద్దంలా మెరుస్తోంది. ఉత్తరంలోకి నడిచి వెళ్లినట్టుంది. నోటిదాకా వచ్చిన మాట కూడా నాది కాదు, ఆవిడది. ఏం పోయింది పెద్దయ్యా.

ఆయన తల తిప్పలేదు.

గుమ్మం దగ్గర కొక్కేనికి వేలాడుతున్న గొడుగు మాది. పిడికి అమ్మ కట్టిన నీలం గుడ్డ పీలిక ఉంది. టైరు మీద మా వీధి ఎర్రమట్టి.

నేను పిలవలేదు. వెనక్కి వచ్చేశాను.

అక్టోబరు 3, శుక్రవారం

నాన్నే చెప్పాడు. అమ్మ బావిగట్టు దగ్గర ఉన్నప్పుడు, వరండాలో, నావైపు చూడకుండా.

"నిన్న నీ చెప్పుల చప్పుడు విన్నాను."

వెళ్లి పక్కన మెట్టు మీద కూర్చున్నాను.

"ఆ రోజు పాత పంచ్ పగిలింది. కొత్తది ఇచ్చారు. గాటు నేనే పెట్టుకున్నాను. ఏది పైకో తెలియక పక్కవాణ్ని అడుగుదామనుకున్నా. నాలుగేళ్ల సర్వీసున్నవాణ్ని, ఏది ఆరు అని అడిగితే నవ్వుతారని అడగలేదు. ఒకే ఒక్క బండి కొట్టాను. కొట్టాక వేలు పెట్టి చూస్తే తోక అటు పోయినట్టనిపించింది. అప్పుడు గాటు మార్చుకున్నాను. బండి అప్పటికే రంగుకు వెళ్లిపోయింది. పోనీలే, ఒక అంకె, ఎవరికి కావాలి అనుకున్నా."

"తరవాత 2716 కోసం వెతికినప్పుడు?"

"నేను కూడా వెతికానమ్మా. అందరితో పాటు." కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "అప్పుడు చెప్తే నాకు చదువు రాదని ఇన్నాళ్లూ దాచానంటారు. అప్పటిదాకా ఎవరికీ తెలీదు. చిట్టీ చదువుతాననే అనుకునేవారు."

"మరి హాల్లో ఏం చూస్తున్నావు?"

"రెండు తొమ్మిదుల్లో అదొకటి. తప్పుది అదే అయితే దొరికినట్టే కదా, ఎవరికీ ఏమీ కాదు కదా. ఆరేళ్ల నుంచి ప్రతి గురువారం వెళ్లి తడుముతాను. ప్రతిసారీ అది పైకి లేచే ఉంటుంది. నా వేలే మొద్దుబారిందేమో అనుకుని మళ్లీ వారం వెళ్తాను."

నేను వారం రోజులుగా చేస్తున్నదే ఆయన ఇరవై ఆరేళ్లుగా చేస్తున్నాడు. ఈ వాక్యం రాయడానికి చాలాసేపు పట్టింది.

నర్సు గురించి చెప్పాను. గర్భిణుల గురించి, ఆ చప్పుడు గురించి చదివి వినిపించాను. కల గురించి కూడా చదివాను. కల దగ్గర నాన్న నా చేతిలోంచి కాగితం తీసుకుని, చదవడం వచ్చినవాడిలా చాలాసేపు చూశాడు.

"ఆవిడ పిలిచిందా నన్ను?"

"పిలిచానని రాసింది."

"వినపడలేదమ్మా" అన్నాడు. "ఒక్కోసారి వీపు వెనక ఎవరో ఉన్నట్టుండేది. తిరిగి చూడాలంటే భయమేసేది."

అక్టోబరు 4, శనివారం

మేనేజరు గారు రెండు అచ్చులూ చూశారు, కార్డు చూశారు, కిటికీ మూశారు.

"యాభై ఏళ్ల పండగకి మేక తప్పిపోయిందని పుస్తకంలో వేద్దామా అమ్మా?"

"పుస్తకం కోసం కాదు సార్. ఇరవయ్యో తేదీన ఆవిడ బండి తీస్తుంది."

"ఇది ఎప్పుడో మూసిన ఫైలు. తెరవాలంటే విచారణ కావాలి. ఇరవై ఐదు దాటనీ, మెకానిక్‌ను పంపుదాం."

"అప్పటికి దారి తెరిచి ఐదు రోజులవుతుంది సార్."

"ఇరవై ఎనిమిదేళ్లు నడిచిన బండి ఐదు రోజులు నడవదా?" అని, గొంతు తగ్గించారు. "విచారణ అంటే ఆ అంకె కొట్టింది ఎవరో రాయాలి. మొదటి పేజీలో ఎవరి ఫోటో వేశామో గుర్తుందా? కింద ఆ వాక్యం రాసింది నువ్వే."

గుర్తుంది. 'ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్క అంకె తప్పని చెయ్యి.' ఆ ఫోటో అచ్చు వేయించి అమ్మ అప్పుడే గోడకి కొట్టింది.

అక్టోబరు 5

ఏమీ రాయలేదు. రాయగలిగింది ఏదీ లేదు. ఒక ఉత్తరం మొదలుపెట్టి, 'ఎవరి వల్లనో పొరపాటు జరిగింది' అని రాసి చించేశాను.

అక్టోబరు 6, సోమవారం

నేను ఆఫీసుకు వెళ్లేసరికి నాన్న మేనేజరు గారి గది ముందు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఉతికిన చొక్కా. నాకంటే ముందు బస్సులో వచ్చాడు. లోపలికి నన్ను రానివ్వలేదు.

పావుగంట తరవాత బయటికి వచ్చాడు.

"చెప్పాను. వేలిముద్ర వేశాను. చదువు రాదని కూడా చెప్పాను." మెట్లు దిగుతూ అన్నాడు, "ఆయన ముఖం చూస్తే నాకే జాలేసింది. ఇన్నేళ్లూ నా చేత ఎన్ని కాగితాలు చదివించామనుకున్నారో పాపం."

ఫోటో తీసేస్తున్నారు. పండగ రోజు ఆయనకు చేద్దామనుకున్న సన్మానం లేదు. మెకానిక్‌ను మాత్రం ఇరవై ఏడునే పంపుతారట, అంతకుముందు ఖాళీ లేరట. ఆవిడకు ఇప్పుడే ఉత్తరం రాస్తామంటే కంపెనీ కాగితం ఇవ్వడం కుదరదన్నారు.

ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాడు. గోడ మీద ఫోటో తీసేస్తుందేమో అనుకున్నాను. తీయలేదు. "కంపెనీ వాళ్ల ఫోటో కాదు ఇది, నా మొగుడిది" అంది. మంచం వైపు చూసి, "ఇన్నేళ్లూ పక్కలో ముళ్లున్నట్టు దొర్లుతుంటే నల్లులనుకుని మంచం ఎండలో వేశాను. ఎన్నిసార్లు వేశాను!" అంది. ఆ తరవాత లోపలికి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు.

నాన్న తానే కొండెక్కి చెప్తానంటున్నాడు. మోకాళ్లు గుమ్మం మెట్లకే మొరాయిస్తాయి. ముందు ఉత్తరం వెళ్లాలి.

అక్టోబరు 7, మంగళవారం

రిజిస్టర్డ్ టపాలో వేశాను. టపా మనిషి గురువారం కొండెక్కుతాడు. నకలు ఇక్కడ రాసుకుంటున్నాను. నాన్న చెప్పింది చెప్పినట్టు కొన్ని వాక్యాలున్నాయి, మార్చలేదు.

నర్సు గారికి,

నమస్కారం. నేను కొండమేక కంపెనీలో రికార్డులు చదివి పుస్తకం రాసే అమ్మాయిని. మీ పది ఉత్తరాలూ చదివాను. బిళ్లలు పంపిన కంపెనీ ఇన్నేళ్లూ వాటిని పట్టించుకోలేదు. క్షమించండి.

మీ బండి నంబరు 2719 కాదు. అది 2716. ఆ వరస బండ్లలో స్టీరింగ్ ఆర్మ్ బలహీనమైనదని తెలిసి ఇరవై ఆరేళ్ల కిందట అన్నిట్నీ మార్చారు. నంబరు తప్పుగా పడటం వల్ల మీది దొరకలేదు. ఆ అంకె కొట్టింది మా నాన్న. తప్పని ఆ రోజే ఆయనకు అనుమానం వచ్చింది. చెప్పలేదు. ఈ ముక్క ఆయనే రాయించారు: "అమ్మా, నేను నవ్వుతారని భయపడి నోరు మూసుకున్నాను. ఆ భయానికి మీరు, మీ బండెక్కినవాళ్లు ఇన్నేళ్లు ప్రాణం అడ్డుపెట్టారు. నన్ను ఏమన్నా పడతాను. బండి మాత్రం ఎక్కొద్దు."

ఎడమకు తిప్పినప్పుడు మీకు వినిపించే చప్పుడు తోడు కాదు. ఆ ఇనుము విరగబోతోందని గుర్తు. ఎడమ ముందు చక్రం వెనక మూరెడు పొడవు కడ్డీ ఉంటుంది. తుడిచి చూడండి. దాని మీద త్రికోణం గుర్తుంటే అది పాతదే. గుర్తు కనిపించకపోయినా బండి కదపకండి. దారి ఇరవైన తెరిచినా సరే, గర్భిణి ఎవరైనా దిగాల్సి వస్తే మంచం మీద మోయించండి. మెకానిక్ కొత్త కడ్డీతో ఇరవై ఏడున వస్తాడు.

ఈ ఉత్తరం మీకు అందిందో లేదో మాకు తెలిసే మార్గం మీ జవాబు ఒక్కటే. అది రాకపోతే నేనూ మా నాన్నా పంతొమ్మిదిన కాలిబాట పట్టి, దారి తెరిచేలోపు మీ షెడ్డు ముందుకు వచ్చి నిలబడతాం. ఆయన ఎంతవరకు ఎక్కగలరో తెలియదు. నేను వస్తాను.

దయచేసి పద్దెనిమిదో తేదీ శనివారం లోపు నాకు అందేలా జవాబు రాయండి. పెద్ద ఉత్తరం అక్కర్లేదు. బండి తియ్యలేదు అని రెండు మాటలు చాలు.